ఫోనుకి పూత ఆరేదాకా

మా సంస్థ పని ధాన్యం కొనడం. ధాన్యం రైతు దగ్గర ఉంటుంది, గోనె సంచులు మా దగ్గర ఉంటాయి, లారీ ఎప్పుడూ దారిలో ఉంటుంది. ఈ మూడింటినీ కలిపేది ఫోను. కొనుగోలు కేంద్రం ఫోనులో రైతు ముఖం, రాశి ఫోటో, తేమ శాతం ఎక్కితేనే ధాన్యం ధాన్యమవుతుంది. అప్పటిదాకా అది రోడ్డు పక్కన ఎవరో పోసిన పసుపు రంగు దిబ్బ.

అలాంటి ఫోన్ల మీద గీతలు పడుతున్నాయని ఈ దాళ్వా పంటకాలంలో మా జిల్లా మేనేజరు చక్రధర్ గారు కనిపెట్టారు. వెంటనే అధ్యయనం చేయించారు. ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేసిన ఫోన్ల మీద ఒక్క గీతా లేదనీ, కేంద్రాల్లో వాడుతున్న ఫోన్ల మీద మాత్రం ఉన్నాయనీ అధ్యయనంలో తేలింది. వడ్ల పొట్టులో ఇసుకలో ఉండే పదార్థమే ఉంటుందట. అదే గాజుని గీకుతోందట. కాబట్టి కొనుగోలు కేంద్రాల పరిసరాలకి ధాన్యం రాకుండా చూడాలని మొదటి సిఫార్సు రాశారు. అది కొంచెం కష్టమండి అని ఎవరో అన్నాక, అయిష్టంగానే రెండో సిఫార్సుకి దిగారు. అదే వజ్రలేపం.

వజ్రలేపం అంటే బొటనవేలంత సీసాలో నీళ్ళలాంటి ద్రవం. ఫోను తుడిచి రెండు చుక్కలు వేసి రుద్దితే, ఆరాక కంటికి కనపడని కవచం అవుతుంది. దాన్ని అమ్మే కంపెనీ నుంచి హర్షిత్ అనే ఆయన ఇస్త్రీ చొక్కాతో హైదరాబాదు నుంచి వచ్చాడు. జిల్లా ఆఫీసు మీటింగు హాల్లో కేంద్రాల వాళ్ళందరినీ కూర్చోబెట్టారు. కొత్తవెదుళ్ళంక కేంద్రం నుంచి టెక్నికల్ అసిస్టెంటు గుబ్బల పల్లవి, కంప్యూటర్ ఆపరేటరుగా నేను వెళ్ళాం.

"ఇది లిక్విడ్ గ్లాస్ సార్. నానో టెక్నాలజీ. అద్దంలోకి ఇంకిపోయి అద్దాన్నే వజ్రం చేసేస్తది," అన్నాడు హర్షిత్. పూత వేసిన ఫోను బల్ల మీద పెట్టి, కూరలు కోసే చాకుతో బరబరా గీశాడు. ఒక్క గీతా పడలేదు. హాలంతా చప్పట్లు.

నేను ఊరికే కూర్చోలేక మా కేంద్రం ఫోను కూడా ముందుకి తోశాను. ఊపులో ఉన్న హర్షిత్ దాని మీదా గీశాడు. దాని మీదా పడలేదు. మళ్ళీ చప్పట్లు.

"సార్, దీనికి పూత వెయ్యలేదండి," అన్నాను.

చప్పట్లు ఆగిపోయాయి. హర్షిత్ చాకు వంక చూశాడు. అందరం మేనేజరు గారి వంక చూశాం. ఆయన రెండు ఫోన్లనీ పక్కపక్కన పెట్టి చూశారు.

"దీన్ని సమగ్ర దృక్పథంతో చూడాలి," అన్నారు చివరికి. "ఒక ఫోనుకి వేసిన పూత పక్క ఫోనుకి కూడా రక్షణ కల్పించిందన్నమాట. మనం ఊహించిన దానికంటే ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి."

"అది మా కొత్త వెర్షన్ సార్," అన్నాడు హర్షిత్, చెమట తుడుచుకుంటూ.

"ఇసకతో గీసి చూపించమనండి సార్. చాకుతో మామూలు గాజు మీద కూడా గీత పడదు కదండీ," అంది పల్లవి.

"ఇసక మన సంస్థ పరిధిలోకి రాదమ్మా. అది గనుల శాఖ," అన్నారు మేనేజరు గారు. మీటింగు ముగిసింది.

మర్నాటికి ఉత్తర్వు వచ్చేసింది. మండలంలోని కేంద్రాల ఫోన్లన్నీ ఒకేచోట చేర్చి పూత వెయ్యాలి. పూత పూర్తిగా ఆరేదాకా వాటిని తాకరాదు, దుమ్ము తగలనివ్వరాదు, వాటికి ఎదురుగా నిలబడి మాట్లాడరాదు, ఎందుకంటే మనిషి ఊపిరిలో తేమ ఉంటుంది. మా కేంద్రం వెనక రేకుల కప్పుతో పాత ఎరువుల గది ఒకటుంది. దాన్ని ఆరుదల మందిరంగా ప్రకటించారు. హర్షిత్ గ్లౌజులు తొడుక్కుని ఫోన్లకి పూత పూసి, బల్లల మీద వరసగా పడుకోబెట్టాడు. మండలంలో ధాన్యం కొనుగోలు ఆగిపోయింది.

అయితే గది కిటికీల్లోంచి దుమ్ము వస్తోంది. మేనేజరు గారికి ఫోన్ చేసి చెప్పాం. అంటే పల్లవి వాళ్ళ నాన్న ఫోన్లోంచి చేశాం. రైతులకి రాశుల మీద కప్పుకోమని ఇచ్చిన టార్పాలిన్ బరకాలు ఎవరివని ఆయన అడిగారు. సంస్థవేనండి అన్నాం. ఫోన్లు ఎవరివి? అవీ సంస్థవేనండి. "సంస్థ బరకం సంస్థ ఫోనుకి కాకుండా పరాయి ధాన్యానికి కప్పడం ఏ నిబంధన కిందకి వస్తుంది?" అన్నారు. సాయంత్రానికి కాలవ గట్టు రోడ్డు మీదున్న రాశుల నుంచి బరకాలన్నీ లాక్కొచ్చి గది గోడలకీ కిటికీలకీ కట్టాం. మిగిలినవి రేకుల కింద కప్పులా బిగించాం. గది లోపల నీలంగా, చల్లగా, పెళ్ళి పందిరిలా తయారైంది.

పొద్దున్నే మార్తమ్మ వచ్చింది. నేలపూడి మార్తమ్మ మా లంకలో కౌలుకి చేస్తుంది. యాభై దాటిన మనిషి. ఆమె గొంతు వినపడితే కాలవకి అవతలి గట్టు మీద గేదెలు కూడా తలెత్తుతాయి.

"అమ్మాయ్ పల్లవీ! నా గింజ గలగలలాడతంది. బేగొచ్చి ఫోటో తీసెయ్."

"ఫోను ఆరబెట్టాం అక్కా," అంది పల్లవి.

"ఏం, కాలవలో పడేసుకున్నారా?"

"లేదక్కా. గీతలు పడకుండా పూత పూశారు. అది ఆరాలి."

"గోడకి సున్నం కొట్టినట్టా?"

"అలాంటిదే."

"మరి నా బరకం పీక్కొచ్చేశారేంటి?"

"దుమ్ము తగలకుండా ఫోన్లకి కట్టామక్కా."

మార్తమ్మ గదిలోకి తొంగి చూసింది. తర్వాత తలెత్తి ఆకాశంలోకి చూసింది. సముద్రం వైపు మబ్బు నల్లగా లేస్తోంది.

"అయితే ఫోన్లేమో గదిలో, పైన రేకులేసుకుని, నా బరకం కప్పుకుని పడుకున్నాయి. నా ధాన్యమేమో రోడ్డు మీద దిసమొలతో ఉంది. అంతేనా?"

"అంతేనక్కా," అన్నాను నేను, నవ్వాపుకుంటూ. ఆమె లెక్కలో తప్పేమీ కనపడలేదు.

"నవ్వకు అబ్బాయ్. తడిసిందంటే రెండ్రోజుల్లో మొలకొచ్చేద్ది. మొలకొచ్చిందంటే మిల్లోళ్ళు మొకం తిప్పేసుకుంటారు. ఈ పంట చేతికి రాలేదంటే వచ్చే సార్వా పంటకి పొలం ఆసామి నా చేను ఇంకోళ్ళకి ఇచ్చేత్తానని మొన్నే చెప్పేశాడు. ఇరవై ఏళ్ళ నించి దున్నుతున్నాను ఆ చేను. మీ ఫోనుకి చేసిన సోకేదో నా రాశికి చెయ్యరాదా?"

అప్పుడే జీపు వచ్చి ఆగింది. మేనేజరు గారు దిగారు. వెనక హర్షిత్ సీసాల పెట్టెతో దిగాడు. మార్తమ్మ మేనేజరు గారికి దండం పెట్టి, తన సంగతి మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. ఆయన చాలా ఓపికగా విన్నారు.

"చూడమ్మా, సంస్థ రైతు పక్షమే. అయితే ఆరిందో లేదో తెలియకుండా ఫోను వాడితే రేపు గీత పడుతుంది. గీత పడితే నీ ముఖం సరిగ్గా కనపడదు. నీ ముఖం కనపడకపోతే నువ్వు రైతువని ఎలా తెలుస్తుంది?"

"ఇప్పుడు కనపడతన్నాను గదా బాబూ మీకు?"

"నాకు కనపడటం వేరు, సంస్థకి కనపడటం వేరు."

ఆరిందో లేదో తేల్చడానికి ఆయన తేమ కొలిచే మిషను తెమ్మన్నారు. పిడికెడు వడ్లు కప్పులో పోసి మీట నొక్కితే గింజలో తేమ చెప్పే మిషను అది. పదిహేడు శాతం దాటితే కొనకూడదు. ఫోను కప్పులో పట్టలేదు. పైన అడ్డంగా పెట్టి మీట నొక్కాం. నమూనా లేదు అని వచ్చింది.

"తేమ కనపడలేదంటే తేమ లేదని అర్థం కాదు," అన్నారు మేనేజరు గారు.

మార్తమ్మ కొంగులోంచి గుప్పెడు వడ్లు తీసి కప్పులో పోసింది. పదహారు.

"ధాన్యం అర్హత సాధించింది," అన్నారు ఆయన, నిజంగానే సంతోషపడుతూ. "ఫోను ఇంకా సాధించలేదు. ముందుగా అర్హత సాధించిన వారు మిగతా వారి కోసం వేచి ఉండటం సంప్రదాయం."

తేమ మిషను తేల్చకపోవడంతో క్షేత్ర పరీక్ష పెట్టాలని నిర్ణయించారు. అదే గుప్పెడు వడ్లు తీసుకుని, ఒక ఫోను మీద పోసి, అరచేత్తో గుండ్రంగా రుద్దారు. కిర్రుకిర్రుమంది. వడ్లు దులిపి చూస్తే, పిల్లి తీరిగ్గా కూర్చుని గోళ్ళు పదును పెట్టుకున్నట్టుంది.

హర్షిత్ పెట్టె మూత మెల్లగా మూయబోయాడు.

"పూత ఆరితే గీత పడదు కదా?" అని అడిగారు మేనేజరు గారు.

"పడదు సార్."

"ఇప్పుడు గీత పడింది. కాబట్టి ఆరలేదు." ఆయన ముఖం వెలిగింది. "మన జాగ్రత్త ఎంత అవసరమో చూశారా? తొందరపడి ధాన్యం కొనేసి ఉంటే ఏమయ్యేది? రెండో పూత వెయ్యండి."

రెండో పూత వేశారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంకో ఫోను తీసి మళ్ళీ పరీక్ష పెట్టారు. గీత పడింది. ఆరలేదని తేలింది. మూడో పూత వేశారు. పరీక్షించిన ఫోన్లన్నీ పాడవుతున్నాయి, పరీక్షించని ఫోన్లు ఆరుతున్నాయో లేదో తెలియడం లేదు. ఈ లెక్కన మండలంలో ఆఖరి ఫోను మీద కూడా గీత పడితే తప్ప ధాన్యం కొనుగోలు మొదలవదు. మొదలుపెట్టడానికి అప్పుడు ఫోను ఉండదు. ఈ సంగతి పల్లవి చాలా వినయంగా చెప్పింది.

"అది తర్వాతి దశ," అన్నారు ఆయన.

ఈలోగా గాలి లేచింది. పెద్ద వాన కాదు, దానికి ముందొచ్చే జల్లు. మార్తమ్మా ఆమె చెల్లెలూ పాత చీరలూ గోనెలూ తెచ్చి రాశి మీద పరిచి, అవి ఎగిరిపోకుండా వాటి మీదే కూర్చున్నారు. గట్టు పొడుగునా ప్రతి రాశి మీదా అలాగే ఇంటిల్లిపాదీ కూర్చుని ఉన్నారు. జల్లు కొద్దిసేపు కొట్టి ఆగింది. పైపైన తడిసిందంతే, లోపల గింజ పొడిగానే ఉంది. కానీ మబ్బు ఇంకా దగ్గరికొచ్చింది.

ఆరుదల మందిరం అంత అదృష్టం చేసుకోలేదు. రేకులకి చిల్లులున్నాయి. అందులోంచి కారిన నీళ్ళు కింద కప్పులా కట్టిన బరకంలో చేరాయి. బరకం ఎంత మంచిదంటే ఒక్క చుక్కా జారనివ్వలేదు. నిండుచూలాలి పొట్టలా కిందకి దిగుతూ దిగుతూ ఉంది. మేనేజరు గారు తలెత్తి, "దీన్నెవరైనా పైకెత్తండి," అనే లోపు తాళ్ళు తెగాయి. మండలంలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి స్నానమైంది.

ఆయన కళ్ళజోడు తీసి నీళ్ళు దులిపారు. తర్వాత అరిచారు. "ఏం చెయ్యాలి? తడిసిన ఫోనుకి ఏం చెయ్యాలి?"

"బియ్యంలో పెట్టాలి సార్," అన్నాం అందరం ఒకేసారి. అది ఎవరికి తెలియదు?

"అయితే తెప్పించండి బియ్యం!"

గుమ్మంలో నిలబడి చూస్తున్న మార్తమ్మ కలగజేసుకుంది. "బియ్యం ఎక్కణ్ణించొస్తాయి బాబూ? నా ధాన్యం మిల్లుకెళ్తే గదా బియ్యమయ్యేది. మిల్లుకెళ్ళాలంటే మీరు కొనాలి. కొనాలంటే ఫోను పని చెయ్యాలి. ఫోను పని చెయ్యాలంటే బియ్యం కావాలి."

మేనేజరు గారు ఆ మాట మనసులో ఒక చుట్టు తిప్పుకున్నారు. పద్ధతి ప్రకారమే ఉంది. ఎక్కడా తప్పు దొరకలేదు.

"పోనీ వడ్లలో పెట్టుకుంటారా?" అంది మార్తమ్మ. "పదహారు శాతమని మీరే అన్నారు గదా. నీళ్ళు చిటికెలో పీల్చేత్తాది. నా రాశిలో కప్పెట్టుకోండి."

"వడ్లు గీతలు పెడతాయి కదమ్మా!"

"ఫోనంటూ బతికుంటే గదా బాబూ, గీతల సంగతి."

తేమను పీల్చు మాధ్యమంగా స్థానిక ధాన్యాన్ని వినియోగించుటకు మేనేజరు గారు మౌఖిక అనుమతి ఇచ్చారు. ఫోన్లన్నీ గంపలో వేసుకుని అందరం గట్టు మీదకి పరిగెత్తాం. మార్తమ్మ రాశి దగ్గరకి చేరేసరికి మిగతా రైతులు చుట్టూ మూగారు. వాళ్ళకి ఆమె గొంతు తగ్గించి ఏం చెప్పిందో నాకు వినపడలేదు కానీ, వాళ్ళ మొహాలు మారడం చూశాను.

"మా రాశిలో కూడా ఒకటి ఎట్టండాయ్!"

"మాది ఇంకా బాగా ఎండిందండి. కావాలంటే కొరికి చూడండి!"

"అన్నీ ఆవిడ దాన్లోనే పెడతారేటండీ? మేం పన్ను కట్టట్లేదా?"

"ఆగండాగండి," అన్నారు మేనేజరు గారు. ఆయనకి ఆ క్షణంలో పాలనాపరమైన ఉత్సాహం వచ్చింది. "అన్నీ ఒకే రాశిలో పెట్టడం ప్రమాదం. వికేంద్రీకరించాలి. రాశికి ఒక ఫోను!"

తలో ఫోను తీసుకుని, ఎవరి రాశిలో వాళ్ళు మోచేతి దాకా చెయ్యి దూర్చి పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడు పెద్ద చినుకు ఒకటి మేనేజరు గారి ముక్కు మీద పడింది. ఆయన ఆకాశం చూశారు. రాశులు చూశారు. రాశుల్లో ఏమున్నాయో గుర్తొచ్చింది.

"బరకాలు!" అని ఆయన పెట్టిన కేక మార్తమ్మ కేకని కూడా మించిపోయింది. "బరకాలు తెండి! సంస్థ ఆస్తి తడిసిపోతోంది!"

గోడల నుంచి, కిటికీల నుంచి బరకాలన్నీ పీకి తెచ్చాం. మేనేజరు గారు స్వయంగా ప్యాంటు మడిచి, మార్తమ్మ రాశి మీద బరకం ఒక కొస పట్టుకుని లాగారు. హర్షిత్ ఇస్త్రీ చొక్కాతో బురదలో కూర్చుని అంచుల మీద రాళ్ళు పెట్టాడు. "ఇక్కడ సందు ఉంది బాబూ, నీళ్ళు ఫోను మీదకి పోతాయి," అని మార్తమ్మ వేలు చూపించిన చోటల్లా ఆయన రెండో పొర కప్పించారు. ఫోను ఏ మూల ఉందని అడిగితే, "నడిమజ్జన పెట్టాను, ఏ మూల తడిసినా దానికి తగుల్తాది," అంది. మొత్తం మీద గట్టు పొడుగునా ఒక్క గింజ కూడా బయటికి కనపడకుండా కప్పేశాం. ఆ తర్వాత వాన కుండపోతగా కురిసింది.

మర్నాడు ఎండొచ్చింది. ఫోన్లు తియ్యబోతే దొరకలేదు. వడ్లలో పడ్డ బరువైన వస్తువు రాశి కదిలినప్పుడల్లా ఇంకా లోపలికి జారుతుంది. రాశి మొత్తం సంచులకెత్తినా ఏ సంచిలోకి పోయిందో తెలియదు, మిల్లులో జల్లిస్తే తప్ప బయటపడదు. సంచులకెత్తితే ఆ సంచులు ఎక్కడుండాలి? రోడ్డు మీదా? లోపల సంస్థ ఫోన్లు పెట్టుకుని? మేనేజరు గారు జీపులో కూర్చుని చాలాసేపు ఆలోచించి, ఫోన్లతో సహా ధాన్యాన్ని సంస్థ స్వాధీనం చేసుకోవడమే మార్గమన్నారు. ఫోను లేకుండా కొనడమెలాగ? పాత కాలంలోలా కాగితం మీద రాసి, సంతకం పెట్టి, రసీదు ఇచ్చెయ్యమన్నారు. ఎప్పుడూ దారిలో ఉండే లారీలు ఆ రోజు మధ్యాహ్నానికే వచ్చేశాయి. ఫోన్లంటే మరి విలువైన సరుకు కదా.

మార్తమ్మ రసీదుని రవికలో దోపుకుంది. ఆమె సంచులు లారీ ఎక్కుతుంటే నేను పక్కకి పిలిచి, "ఫోను ఏ సంచిలోకి వెళ్ళిందో చూశావా?" అని అడిగాను.

ఆమె అటూ ఇటూ చూసి, బొడ్లోంచి పాత లుంగీ గుడ్డ మూట తీసి నా చేతిలో పెట్టింది. లోపల ఫోను పొడిగా, వెచ్చగా ఉంది.

"రాశిలో పెట్టలేదా?"

"నీకు బుద్ధుందా అబ్బాయ్? వడ్లలో పెడితే గీతలు పడిపోవూ! పరాయోళ్ళ వస్తువు."

మిగతా ఫోన్లు మిల్లు జల్లెడలో ఒక్కొక్కటే రాలాయి. వాటి అద్దం మీద చేపల వల ఆరేసినట్టుంది. మేనేజరు గారు ఆ కుప్ప పక్కన దిగులుగా నిలబడి ఉండగా, నేను మార్తమ్మ ఇచ్చిన ఫోను అందించాను. ఎండకి పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. ఒక్క కొత్త గీతా లేదు.

"ఇది రాశిలోదేనా?"

"ఆ రాశి దగ్గర్నించే వచ్చిందండి," అన్నాను.

ఆయన కళ్ళు చెమర్చాయి. "ఆరింది," అన్నారు మెల్లగా. "ఇదొక్కటే పూర్తిగా ఆరింది. ఆరితే గీత పడదని నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను."

వజ్రలేపం నిర్వివాదంగా పని చేస్తుందని నివేదిక వెళ్ళింది. దాంతోపాటు ఒక విజయగాథ వీడియో కూడా పంపమని పైఆఫీసు వాళ్ళు అడిగారు. హర్షిత్ కెమెరా పట్టుకున్నాడు. మార్తమ్మని కొత్త చీరలో, ఖాళీ అయిన గట్టు మీద నిలబెట్టారు. ఆసామి చేను సార్వాకి కూడా ఆమెకే ఖాయం చేశాడని అప్పటికే ఊరంతా తెలుసు. మనిషి మంచి హుషారుగా ఉంది.

"ఈ పథకం గురించి తోటి రైతులకి మీరిచ్చే సందేశం ఏంటమ్మా?" అని అడిగాడు.

మార్తమ్మ కెమెరాలోకి సూటిగా చూసింది. "వానొచ్చే టయానికి మీ రాశిలో ఆఫీసోళ్ళ వస్తువేదో ఒకటి ఉండేలా చూసుకోండి. అంతే."

"అమ్మా, లారీ హారన్ పడింది. ఇంకోసారి చెప్పండి."

ఇంకోసారి, ఇంకా గట్టిగా చెప్పింది. ఆ వీడియోని మేనేజరు గారు పూర్తిగా చూడకుండానే జిల్లాలోని కేంద్రాలన్నిటికీ పంపించారు.

సార్వా కోతలు వచ్చాయి. మళ్ళీ తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు పొద్దున, చక్రధర్ గారు ఆఫీసుకి వచ్చి గదిలో కూర్చోబోయి ఆగిపోయారు. ఆయన అయిదు చక్రాల ఆఫీసు కుర్చీ లేదు. జిల్లా అంతా వెతికించాం. సాయంత్రానికి దొరికింది, ఏటవతల ఒక ఊరి రోడ్డు పక్కన. పెద్ద రాశి మీద మూడు పొరల బరకం బిగించి కట్టి ఉంది. మధ్యలో బోర్లించిన కుర్చీ చక్రాలు అయిదూ బరకాన్ని పైకి పొడుస్తున్నాయి. పక్కనే గొడుగు పట్టుకుని సంస్థ వాచ్‌మన్ కాపలా కాస్తున్నాడు.

వాన దంచి కొడుతోంది. మేనేజరు గారు జీపు దిగి, బరకం కింద చెయ్యి పెట్టి తడిమి చూశారు. కుర్చీ పొడిగానే ఉంది.

"తియ్యమంటారా సార్?" అన్నాడు వాచ్‌మన్.

"ఇప్పుడా! తడిసిపోదూ?" అన్నారు ఆయన. "లారీ రానీ."